పదకొండు గవ్వలు

మా అత్తగారు సంపూర్ణమ్మగారికి వృత్తం గీయడానికి ఒక మేకు, మూడున్నర అడుగుల పురికొస, ఒక సుద్దముక్క చాలు. నాకైతే జామెట్రీ బాక్సు, గ్రాఫు కాగితం, బి.ఎస్సీ. లెక్కల పట్టా కావలసి వచ్చేవి. అయినా ఆవిడ గీసిందే నిండుగా ఉండేది. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది. నా మొండితనం సంగతి మా ఆయన గణేష్‌బాబుని అడిగితే ఇంకా బాగా చెబుతారు.

నేను రాజమండ్రి పిల్లని. తొంభై నాలుగులో పెళ్ళయి, నరసాపురానికి అయిదు కిలోమీటర్ల ఇవతల ఉన్న ఈ ఊరికి వచ్చాను. వచ్చిన నెలలోనే నరసాపురంలో ఒక ప్రైవేటు స్కూల్లో తొమ్మిది, పది తరగతులకి లెక్కల టీచరుగా చేరాను. మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి మా అరుగు మీద పదిమంది ఆడవాళ్ళు కూర్చుని ఉండేవారు. అందరి చేతుల్లోనూ కొక్కెం సూదులు, ఒళ్ళో తెల్లటి నూలు ఉండలు. మా వైపు ఊళ్ళలో లేసు అల్లని వీధి ఉండదు. వంటలు, గిన్నెలు, పశువుల కుడితి అన్నీ అయ్యాక ఆడవాళ్ళకి దొరికే రెండు మూడు గంటలూ దానికే.

పెద్ద బల్లల మీద పరిచే గుండ్రటి కవర్లు మా వీధి ప్రత్యేకం. అంత పెద్దది ఒక్కరు అల్లాలంటే ఏళ్ళు పడుతుంది కాబట్టి పన్నెండు ఇళ్ళు పంచుకుంటాయి. ఇంటికో ముక్క. ఒక్కో ముక్కా కొన దగ్గర సన్నగా మొదలై అంచు దగ్గరికి వచ్చేసరికి విసనకర్రలా విచ్చుకుంటుంది. నేను స్కూల్లో సెక్టారు అని చెప్పేది అదే. పన్నెండు ముక్కలూ తయారయ్యాక వాటిని కలిపి అతికే పని ఒకరిదే. దాన్ని అతుకుపని అంటారు. ఆ పని ఇరవై ఏడేళ్ళుగా మా అత్తగారిది. ఆవిడ అతికిన కవరు ఒక్కటి కూడా నరసాపురం కంపెనీ నుంచి తిరిగి రాలేదు. ఇది ఆవిడ ఎప్పుడూ గొప్పగా చెప్పుకోలేదు. వీధే చెప్పుకునేది.

ఆవిడ చదివింది అయిదో తరగతి. మా మామగారు కాలవ లాకుల దగ్గర పనిచేస్తూ నలభై ఏళ్ళకే పోయారు. ముగ్గురు పిల్లల్ని పెంచారు, ఇద్దరు ఆడపిల్లలకి పెళ్ళిళ్ళు చేశారు, ఎవరి ముందూ కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. నవ్వడం కూడా అంత తేలిగ్గా నవ్వేవారు కాదు. మెచ్చుకోవడమైతే అసలే లేదు. నా వంట బాగుంటే "ఉప్పు సరిపోయింది" అనేవారు. అదే నాకు పెద్ద సర్టిఫికెట్టు.

ఒక అలవాటు మాత్రం నాకు మొదట్లో ఒళ్ళు మండించేది. దిబ్బరొట్టె కోస్తే ఏ ముక్కా ఇంకో ముక్కలా ఉండేది కాదు. పొలం నుంచి వచ్చిన మనిషికి పెద్దది, కడుపు బరువుగా ఉందన్నవాడికి చిన్నది. నేనొకసారి కత్తి తీసుకుని ఆరు ముక్కలు, ఒక్కోటి అరవై డిగ్రీలు, కొలిచినట్టు కోసి పళ్ళాల్లో పెట్టాను. ఒకరు సగం వదిలేశారు, ఇంకొకరు లేచి వంటింట్లో వెతుక్కున్నారు. ఆవిడ ఏమీ అనలేదు. అంటే నేను దెబ్బలాడేదాన్ని, కానీ అనలేదు.

వృత్తం దగ్గర మాత్రం మా ఇద్దరికీ నిజంగానే మాటామాటా వచ్చింది. కవరు మొదలుపెట్టే ముందు ఆవిడ అరుగు సిమెంటు మీద మేకు ఆనించి, పురికొసతో సుద్దగీత గుండ్రంగా గీసేవారు. తర్వాత అదే పురికొసని అంచు మీద ఒక చోట పట్టుకుని అంగలేసినట్టు వేసుకుంటూ పోయేవారు. సరిగ్గా ఆరు అంగల్లో మొదలుపెట్టిన చోటికి వచ్చేసేవారు. ఒక్కోదాన్నీ రెండుగా చేసి మేకు దాకా గీతలు లాగితే పన్నెండు భాగాలు. నేను ఊరుకోకుండా, "అత్తయ్యగారూ, చుట్టుకొలత ఆరు వ్యాసార్ధాలు కాదండి, దానికంటే ఎక్కువ. రెండు పై రెట్లు, ఆరుంబావు పైచిలుకు" అన్నాను.

"ఆరని నేనెప్పుడన్నానే? తాడు అడ్డదారిన పోతది. లేసు అంచెమ్మట వంకర తిరిగి పోవాలి. ఆ వంపుకి ఒక్కో అంగకీ రెండంగుళాలు ఎక్కువ పెట్టుకోవాలి" అన్నారు ఆవిడ, తల ఎత్తకుండా.

నేను లోపలికి వెళ్ళి కాగితం మీద వేసి చూశాను. వ్యాసార్ధం నలభై రెండంగుళాలు. ఆరోవంతు చాపం నలభై నాలుగు. అక్షరాలా రెండంగుళాలు తేడా. ఆ కాగితం ఉండచుట్టి పారేశాను గాని, బయటికి వచ్చి ఆ సంగతి చెప్పలేదు.

ఆ అంచు కొలత అంత ముఖ్యం ఎందుకో అప్పటికి నాకు తెలియదు. లేసు పొరపాటుని దాచుకోదు. అంచు కావలసిన దానికంటే పొడుగైతే కవరు బల్ల మీద ముడతలు పడి లేస్తుంది. తక్కువైతే గిన్నెలా పైకి తిరుగుతుంది. సరిగ్గా సరిపోతేనే పడుకుంటుంది. ఎవరైనా ముక్క తప్పుగా అల్లితే దాన్ని విప్పించి, వేరేవాళ్ళ చేత అల్లించడం మా వీధి పద్ధతి. అలా విప్పించుకున్న ఇంటికి తర్వాతి ఆర్డరులో ముక్క ఉండదు. ఈ నియమం పెట్టింది అత్తయ్యగారే. నా మొట్టమొదటి ముక్కని ఆవిడే స్వయంగా విప్పి, ఏడాది పాటు నన్ను పక్కన కూర్చోబెట్టారు. సొంత కోడలినని కూడా చూడలేదు.

తొంభై ఏడు కార్తీకంలో పెద్ద ఆర్డరు వచ్చింది. ఏడడుగుల గుండ్రం కవరు. అంచు చుట్టూ అర అంగుళం వెడల్పున చిన్న చిన్న అర్ధచంద్రాలు రావాలి. వాటిని మా వీధిలో గవ్వలు అంటారు. ముక్కకి నలభై నాలుగు గవ్వలు, అంటే ఇరవై రెండంగుళాల అంచు. ఏజెంటు సత్తిరాజుగారు నూలు తూచి పన్నెండు ఇళ్ళకీ పంచి వెళ్ళారు.

మూడు వారాలు గడిచాయి. జంగారెడ్డిగూడెంలో ఉన్న చెల్లెలికి నడుం పట్టేసిందని అత్తయ్యగారు నాలుగు రోజులు అక్కడికి వెళ్ళారు. సరిగ్గా ఆ నాలుగు రోజుల్లోనే సత్తిరాజుగారు వచ్చి, "పని ఎంతవరకు వచ్చిందండీ హేమశ్రీగారూ?" అని అడిగారు. నేను టేపు తీసుకుని ముక్కలన్నీ కొలిచాను. అన్నీ కొన నుంచి ఇరవై ఒక్క అంగుళాలు వచ్చాయి. నలభై రెండులో సగం.

"సగం అయిపోయిందండి. ఇంకో మూడు వారాలు చాలు" అన్నాను, ఎంతో ధీమాగా. ఆయన సంతోషంగా కంపెనీకి తేదీ ఇచ్చేశారు.

అత్తయ్యగారు ఊరి నుంచి వచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా ముక్కలు చూసి, తర్వాత ఇంటింటికీ వెళ్ళి మిగిలిన నూలు తెచ్చి త్రాసులో వేశారు. ప్రతి ఇంట్లోనూ ముప్పావు వంతు నూలు మిగిలే ఉంది. "సగం దారి వచ్చేరు గాని, పావు పనే అయిందే" అన్నారు. నాకు అప్పుడు వెలిగింది. ఆ పొద్దున్నే స్కూల్లో నేను బోర్డు మీద సెక్టారు వైశాల్యం రాసి, వ్యాసార్ధం సగమైతే వైశాల్యం పావు అవుతుందని పిల్లలకి గొంతు చించుకుని చెప్పి వచ్చాను. ఒక పిల్లకి అర్థం కాలేదని బెంచీ ఎక్కించాను కూడా. అరుగు మీద ఉన్న సెక్టారు మాత్రం నాకు సెక్టారులా కనిపించలేదు.

మర్నాడు అత్తయ్యగారు నన్ను వెంటబెట్టుకుని సత్తిరాజుగారింటికి వెళ్ళారు. నేను నోరు తెరిచేలోపలే, "తప్పు నాదండీ సత్తిరాజుగారూ. నేను అమ్మాయికి చెప్పి వెళ్ళాల్సింది, చెప్పలేదు. మొత్తం పన్నెండు వారాలు పడతది" అన్నారు. ఆయన తల పట్టుకుని కూర్చున్నారు. కంపెనీతో మాట్లాడి, బతిమాలి, చివరికి పదకొండు వారాలకి ఒప్పించారు. ఒక్క రోజు దాటినా సరుకు విదేశాలకి వెళ్ళే ఓడకి అందదన్నారు. దారిలో నాకు ఏడుపొచ్చింది. ఆవిడ గట్టు మీద ముందు నడుస్తూ, "ఇంటికెళ్ళేక దోసకాయ పప్పు పెట్టు" అన్నారు, అంతే.

గడువు దగ్గర పడిందని వీధంతా తెలిసింది. అందరికంటే ఎక్కువ కంగారు పడింది రత్నమాణిక్యం పిన్నిగారు. ఆవిడకి అరవై దాటాయి. పిల్లలు లేరు. భర్త పోయాక తమ్ముడి కొడుకు ఇంట్లో ఉంటోంది. వాళ్ళు మంచివాళ్ళే, వేళకి అన్నం పెడతారు, కానీ ఎవరి పనుల్లో వాళ్ళుంటారు. పొద్దుటి నుంచి ఆవిడ నోట్లో మాట దాచుకుని, మధ్యాహ్నం మా అరుగెక్కగానే విప్పేది. అల్లికలో వీధి మొత్తానికి చెయ్యి వేగం ఆవిడదే. "నాది తొందరగా తెమిల్చేసి, వెనకబడ్డవాళ్ళకి సాయం చేస్తాను" అని ఆపైన అయిదు వారాల్లో తన ముక్క పూర్తిచేసింది. అప్పటికి మిగతా పదకొండు ముక్కలూ ముప్ఫై అయిదంగుళాల దగ్గరే ఉన్నాయి. ఇంకా ఏడంగుళాలు అల్లాలి. చేతిలో మూడు వారాలు.

ఆ రోజు మధ్యాహ్నం పిన్నిగారు ముక్కని తెల్లటి తువ్వాల్లో చుట్టి తెచ్చింది. అందరూ లేచి చోటిచ్చారు. అత్తయ్యగారు సుద్దగీతల మధ్య ముక్కని కొన నుంచి పరుచుకుంటూ వచ్చారు. మూడొంతులకి పైగా గీతల మధ్యే బుద్ధిగా పడుకుంది. ఆపైన విచ్చుకోవడం మొదలుపెట్టింది. రెండు పక్కలా గీత దాటి, అంచు దగ్గరికి వచ్చేసరికి అటూ ఇటూ మూడేసి అంగుళాల దాకా పొర్లిపోయింది.

అందరికీ కనిపించింది. పిన్నిగారికి తప్ప. ఆవిడ గీతకి జానెడు దూరంలో కూర్చుని, ముక్క వైపు కాకుండా అత్తయ్యగారి మొహం వైపు చూస్తూ, "సరిపోయిందా వదినా?" అంది.

ఆ కళ్ళల్లో తెల్లటి పొర నేను అంతకుముందు చూడలేదంటే, చూడాలని చూడలేదన్నమాట. చివరి వరసల్లో, కుట్టు పెంచిన చోట కట్టే గుర్తుదారం కనపడక, పెంచానో లేదోనన్న అనుమానంతో మళ్ళీ పెంచుతూ పోయినట్టుంది. తొందరపెట్టింది గడువు. ఆ గడువు తెచ్చింది నేను.

"సరిపోయింది" అన్నారు అత్తయ్యగారు.

పిన్నిగారు హాయిగా నవ్వి, నీరసంగా ఉందని ఇంటికి వెళ్ళిపోయింది. ఆవిడ వీధి మలుపు తిరిగేదాకా ఆగి, నేను అందుకున్నాను. "అబద్ధం ఎందుకు చెప్పారండీ? ఇరవై ఏడున్నర అంగుళాలుంది. గుండ్రంలో పట్టదు. విప్పాల్సిందే. నా ముక్క విప్పినప్పుడు ఈ జాలి ఏమైంది?" గొంతు పెద్దదే చేశాను. తప్పు నాదన్న బాధంతా కోపంగానే వచ్చింది.

"నీకు వయసుంది, బడుంది, మొగుడున్నాడు. దానికి ఈ మధ్యాహ్నం తప్ప ఇంకేముందే?" అన్నారు ఆవిడ.

ఎదురింటి వీరవేణీ ఊరుకోలేదు. "జాలి సరే అత్తా, కవరు లేచిపోతే? పన్నెండిళ్ళ పని గంగలో కలుస్తది. నీ పేరు పోతది. ఇరవై ఏడేళ్ళ పేరు!"

"దాని ముక్కలో గవ్వలెన్ని?" అని అడిగారు అత్తయ్యగారు. నేను లెక్కపెట్టాను. యాభై అయిదు. ఉండవలసినవి నలభై నాలుగు. పదకొండు ఎక్కువ.

ఆవిడ సుద్దగీత మీద చూపుడువేలు జరుపుకుంటూ ఒక చుట్టు తిరిగి వచ్చారు. తర్వాత, "మీవింకా అంచుకి రాలేదుగా. మీరు పదకొండు మంది. ఒక్కొక్కళ్ళూ ఒక్క గవ్వ మానుకోండి" అన్నారు.

నాకు వెంటనే ఎక్కలేదు. నా తలకాయ నిండా ముప్ఫై డిగ్రీలు. "అన్నీ సమానంగా ఉండద్దాండీ? పన్నెండు సమాన సెక్టార్లు కదా?"

"గుండ్రానికి సమానంతో పనేంటే? అన్నీ కలిసి చుట్టూ వచ్చేయా లేదా, అంతే. ఈ చివరి ఏడంగుళాల్లో అది ఎక్కడ పెరిగిందో అక్కడే మనం కాస్త కాస్త తగ్గుతూ పోవాలి. ఒక వరసలో ఎక్కువై ఇంకో వరసలో తక్కువైతే లేస్తది. ప్రతి వరసలోనూ సరిపోవాలి. నువ్వు లెక్క రాయి, వీళ్ళకి చెబుతాను."

సుద్ద తీసుకుని ఆ గుండ్రం మధ్యలోనే రాశాను. పన్నెండు నలభై నాలుగులు అయిదొందల ఇరవై ఎనిమిది. అందులోంచి యాభై అయిదు పోతే నాలుగొందల డెబ్భై మూడు. పదకొండు మందికి పంచితే నలభై మూడు. శేషం సున్నా. రాసిన చోటే కూర్చుండిపోయాను. మొత్తం రెండువందల అరవై నాలుగు అంగుళాలు, ఒక్క దారప్పోగు తేడా లేకుండా. పదిహేనేళ్ళు లెక్కలు చదివి, కేంద్రం దగ్గర కోణాలన్నీ కలిసి మూడువందల అరవై కావాలి గాని ఒకటికొకటి సమానం కానక్కర్లేదని నాకు ఎప్పుడూ తట్టలేదు. సమానంగా ఉన్న బొమ్మలే గీశాను, గీయించాను.

వీరవేణి ఇంకా మొహం ముడుచుకునే ఉంది. "మరి కంపెనీవాళ్ళు నా ముక్క కొలిచి అర అంగుళం తక్కువంటే?"

"నా కోడలు తక్కువ అల్లిందని చెప్పు, దానికి అలవాటే" అన్నారు అత్తయ్యగారు. అరుగంతా పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను, ఏం చేస్తాను. ఆ నవ్వులో వీరవేణి సూది అందుకుని, "అల్లమంటే కష్టం గాని మానెయ్యమంటే కష్టమేంటి, ఒక్క గవ్వేగా" అంది.

పిన్నిగారికి చెప్పకూడదని ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు. ఎవరూ చెప్పలేదు. ముక్కలు పూర్తయ్యేదాకా ఆవిడ రోజూ వచ్చి కూర్చుని, నూలు చిక్కులు వేళ్ళతోనే విప్పి పెడుతూ, కబుర్లు చెబుతూనే ఉంది.

అతుకు వేసేటప్పుడు అత్తయ్యగారి పక్కన నేను కూర్చున్నాను. పిన్నిగారి ముక్కకి రెండు పక్కలా అతుకు చివర్లో కాస్త వంగింది. మిగతావి ఒక్కోటీ కొద్దికొద్దిగా పక్కకి జరిగాయి. అంత కొద్దిగా కాబట్టి చూపుకి ఆనదు. అతికాక గంజినీళ్ళలో ముంచి, సుద్దగీత అంచెమ్మట గుండుసూదులు గుచ్చి ఎండబెట్టాం. ఆ పూటంతా నేను అరుగు చుట్టూ తిరుగుతూనే ఉన్నాను. సాయంత్రం సూదులు తీసి, బల్ల మీద వేసి చూశాం. అరచేతితో ఒక చివర నుంచి రెండో చివర దాకా రాశాను. ఎక్కడా లేవలేదు. "ఊఁ" అన్నారు అత్తయ్యగారు. ఆ రోజు ఆవిడ రెండుసార్లు అన్నం పెట్టించుకున్నారు.

కవరు అప్పగించడానికి మామూలుగా ఆవిడొక్కరే వెళ్తారు. ఈసారి నేనూ వస్తానన్నాను. బస్సు దగ్గరికి వచ్చేసరికి రత్నమాణిక్యం పిన్నిగారు ఉతికిన చీర కట్టుకుని నిలబడి ఉంది. "నేనూ వస్తాను వదినా, బల్ల మీద పరిస్తే ఎలాగుంటదో చూస్తాను" అంది. అత్తయ్యగారు ఆవిడ చెయ్యి పట్టుకుని బస్సెక్కించారు. నా గుండె మాత్రం బస్సు కంటే ముందు నరసాపురం చేరిపోయింది.

కంపెనీలో సరుకు చూసే మణిశంకర్‌గారు కుర్రాడే గాని మహా చాదస్తుడు. కవరు పరిచి, టేపు తీసి, ఒక్కో ముక్క అంచూ కొలుస్తూ పైకి చదవడం మొదలుపెట్టారు. "ఇరవై ఒకటిన్నర. ఇరవై ఒకటిన్నర. అర అంగుళం తక్కువేంటండీ అన్నీ? ఇరవై ఒకటిన్నర." పిన్నిగారు గోడ దగ్గర స్టూలు మీద కూర్చుని తల కాస్త వంచి వింటోంది. ఏడో ముక్క దగ్గర ఆయన ఆగిపోయారు. మళ్ళీ కొలిచారు. "ఇరవై ఏడున్నర! ఇదేంటండీ? ఎవరిదండీ ఈ ముక్క?"

పిన్నిగారు లేచి, గోడ పట్టుకుని, తర్వాత బల్ల పట్టుకుని వచ్చింది. అంచు మీద చెయ్యి వేసి, గవ్వలు ఒక్కొక్కటే తడుముకుంటూ పోయింది. ఎవరి అల్లిక వాళ్ళ వేళ్ళకి తెలుస్తుంది. "నాదండీ" అంది.

అత్తయ్యగారు ముందుకు వచ్చి, "బాబూ, మీకు కావాల్సింది ముక్కలా, గుండ్రమా? టేపు చుట్టూ పట్టండి. బల్ల మీద ఎక్కడన్నా లేచిందేమో చూడండి. లేస్తే మొత్తం పట్టుకెళ్ళిపోతాను, నా చేత ఇంక అతుకు వేయించద్దు" అన్నారు.

ఆయన చుట్టూ కొలిచారు. రెండువందల అరవై నాలుగు. నమ్మలేక నన్ను టేపు పట్టుకోమని మళ్ళీ కొలిచారు. అంతే వచ్చింది. వంగి, కన్ను బల్లకి సమంగా పెట్టి నాలుగు వైపులా చూశారు. కవరు ఎక్కడా లేవలేదు. "ముక్కలు కొలవకుండా ముందే చుట్టూ కొలవాల్సింది" అని గొణుక్కుని, సంతకం పెట్టేశారు.

తిరుగు బస్సులో పిన్నిగారిని మా ఇద్దరి మధ్యా కూర్చోబెట్టాం. స్టీమరు రోడ్డు దాటాక, "సరిపోయిందన్నావు వదినా" అంది ఆవిడ.

"సరిపోయిందిగా."

"పదకొండు గవ్వలు. ఒక్కొక్కళ్ళూ ఒకటి. వీరవేణి కూడానా?"

"వీరవేణి కూడా."

పిన్నిగారు పమిట చెంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. చెంగు వెనక నుంచే చెప్పింది. "నాకు కనపట్టం లేదు వదినా. రెండేళ్ళయింది. చెప్తే ముక్క ఇవ్వరేమోనని చెప్పలేదు. ఆ రోజు నీ సుద్దగీత కనపళ్ళేదు నాకు."

అత్తయ్యగారు ఆవిడ చేతిని తన ఒళ్ళోకి లాక్కున్నారు. నేను ఆపుకోలేక ఏడ్చేశాను. గడువు సంగతి, నా సగం లెక్క సంగతి అంతా చెప్పి, నా వల్లే జరిగిందన్నాను. పిన్నిగారు నన్ను ఓదార్చాల్సి వచ్చింది. కాస్త తేరుకున్నాక, "అయితే అమ్మాయ్, మీ రాజమండ్రిలో కళ్ళాసుపత్రికి నన్ను తీసుకెళ్తావా? ఇన్నాళ్ళూ భయపడ్డాను" అంది. వెంటనే అత్తయ్యగారి వైపు తిరిగి, "ఈసారి ఆర్డరులో నాకు ముక్క వెయ్యకు వదినా. పదకొండు మందీ చేసుకోండి" అంది.

"పదకొండు ముక్కలు నేనతకను" అన్నారు అత్తయ్యగారు.

ఉత్తినే అన్న మాట కాదది. సంక్రాంతి వెళ్ళిన రెండు వారాలకి సత్తిరాజుగారు ఇంకో పెద్ద ఆర్డరు తెచ్చారు. చైత్రం దాకా ఆగమన్నారు ఆవిడ. ఆయన ఆగలేక పక్క ఊరికి ఇచ్చేశారు. వీధిలో పని లేని మధ్యాహ్నాలు రెండు నెలలు నడిచాయి. ఒక్కరూ నోరెత్తలేదు, వీరవేణితో సహా. నేను పిన్నిగారిని రాజమండ్రి తీసుకెళ్ళి, మా పుట్టింట్లో ఉంచి, ఒక కన్ను, నెలన్నరకి రెండో కన్ను ఆపరేషన్ చేయించి తీసుకొచ్చాను.

చైత్రంలో నూలు వచ్చింది. పన్నెండు ముక్కలకీ తూచి పంచుతుంటే పిన్నిగారు నల్లద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. తన ఉండ అందుకుని, అరుగు ఆ చివర నుంచి ఈ చివర దాకా తేరిపార చూసి, పైకి చూసి, "ఇదేంటి వదినా, దూలాలు ఇంత బూజు పట్టి ఉన్నాయి? ఇన్నాళ్ళూ ఈ బూజు కిందా నన్ను కూర్చోబెట్టేవు?" అంది. అత్తయ్యగారు నవ్వడం మొదలుపెట్టి, ఆపుకోలేక, సుద్ద చేతుల్తోనే కళ్ళు తుడుచుకుంటూ చాలాసేపు నవ్వారు. నేను చీపురు కోసం లోపలికి వెళ్ళాను.